మీటరు ప్రక్కనున్న పెట్టెను మార్చవలెనా?

(రాయకోట సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మనము తరతరములుగా కాపురమున్న ఈ సీమకు చేరువలోనే, 1902లో, శివసముద్రమునుండి కోలారు బంగారు గనులకు విద్యుత్తు ప్రవహించినది. మన పల్లెయిండ్లకు అది చేరుటకు మాత్రము చాలాకాలము పట్టినది. 1957లో మద్రాసు రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడిన తరువాత కరెంటు వచ్చిన యిండ్లలో రెండు మూడు దీపములు, కలిగినవారికి ఒక రేడియో ఉండెడివి. వానికి తగినట్లు చెక్కపలకపై పింగాణి ఫ్యూజులు, ఒక మెయిన్ స్విచ్చి బిగించిరి. పాత యిండ్లు కొన్నింట అవి నేటికిని ఉన్నవి.

“ఇంతకాలము పనిచేసినది గదా, మార్చుట యెందుకు?” అని పెద్దలందురు. “అందరును మార్చుచున్నారు, మనమును మార్చుదము” అని పిన్నలందురు. లెక్క చూడక పలికిన మాటలలో ఏదియు మనకు దారి చూపజాలదు. కావున లెక్క చూతము.

నీరు కాచు గీజరునకు 2000 వాట్లు, ఏ.సి.కి 1500, ఇస్త్రీపెట్టెకు 1000, మిక్సీకి 500 అనుకొందము. అన్నియు ఒక్కసారి నడచినచో 5000 వాట్లు. దానిని 230 వోల్టులచే భాగించిన దాదాపు 22 ఆంపియర్లు. 15 ఆంపియర్ల ఫ్యూజునకు ఇది మించిన భారము, అది వేడెక్కి కాలిపోవచ్చును. అది కాలుట దోషము కాదు, అదియే దాని ధర్మము. విసుగుచెంది కొందరు దానిచోట రాగి పోగులు మెలిపెట్టి బిగింతురు. అప్పుడు కరగవలసిన తీగ పెట్టెలోగాక గోడలోనో, దూలముమీదనో ఉండును. ఇండ్లు తగులబడుట ఇట్లే.

క్రొత్త పెట్టె బిగించినంతమాత్రమున ఈ ప్రమాదము తొలగదు. ఎం.సి.బి. కాపాడవలసినది తీగను. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు 10 ఆంపియర్లది, 2.5 తీగకు 16 ఆంపియర్లది సాధారణముగా తగును. మాటిమాటికి పడుచున్నదని సన్నని తీగకు 32 ఆంపియర్లది బిగించినచో, తీగ కాగి పైతొడుగు కరగుచున్నను అది పడదు. కావున మొదట తీగను, ఎర్తును పరీక్షింపజేసి, పిదప పెట్టె మాట తలపెట్టవలెను.

రెండవది ప్రాణరక్షణ. తడిచేతితో కరెంటు తగిలిన మనిషి దేహమున పారునది ఆంపియరులో పదవవంతో, ఐదవవంతో మాత్రమే. ప్రాణము తీయుటకు అది చాలును. 15 ఆంపియర్ల ఫ్యూజునకు అది తెలియనైన తెలియదు. ఆర్.సి.సి.బి. అను సాధనము 30 మిల్లీఆంపియర్లు దారితప్పి నేలకు పోయినను క్షణములో కరెంటును ఆపును. అది పదేపదే పడుచున్నచో దానిని తీసివేయరాదు. ఎచ్చటనో తీగనుండియో, పరికరమునుండియో కరెంటు కారుచున్నదని గ్రహింపవలెను. దానిపైనున్న పరీక్షా మీటను అప్పుడప్పుడు నొక్కి చూడవలెను.

ఇక నిర్ణయము. తీగలు గట్టిగా ఉండి, దీపములు, పంకాలు, టీ.వీ. మాత్రమే ఉన్న యింట సరియైన ఫ్యూజు తీగ వేసి, మెయిన్ స్విచ్చి తరువాత ఒక ఆర్.సి.సి.బి. చేర్చిన ప్రస్తుతమునకు చాలును. గీజరు, ఏ.సి. వచ్చిన యింట, లేక తీగల తొడుగు పెళుసై రాలుచున్న యింట, తీగలతోపాటు పెట్టెయు మార్చుట తప్పదు. మంజూరైన లోడు చాలనిచో విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు చేయవలెను. లైసెన్సు గల పనివానిచేతనే పని చేయింపవలెను. మీటరు సీలును ముట్టరాదు.

ఉమ్మడి యిండ్లలో వాటాలు తేలువరకు ఈ ఖర్చునకు ఎవరును ముందుకురారు. దావా ఏండ్ల తరబడి సాగవచ్చును. ఈలోగా ఆ గోడ ప్రక్కన స్నానమునకు పోవునది మన తల్లులు, పిల్లలు. ఈ ఒక్క ఖర్చును వాటాలతో ముడిపెట్టక, అన్నదమ్ములు కలసి భరింపవలెనని నా మనవి.

చివరగా ఒక చిన్న మాట. పెట్టెలో ఏ మీట ఏ గదికో తెలుగున, తమిళమున రెంట వ్రాసి అతికింపుడు. మన యిండ్లలో అవ్వకు తెలుగే వచ్చును, మనుమనికి తమిళమే చదువ వచ్చును. ఆపదలో ఆర్పవలసిన మీట ఏదో ఇద్దరికిని తెలియవలెను.