కొండగట్టున ఉపాధ్యాయులతో



హనుమంతుడు తన బలమును తా నెరుగకుండెననియు, జాంబవంతుడు జ్ఞాపకము చేసినపిదపనే సముద్రమును లంఘించెననియు ఈ ఆంజనేయ సన్నిధిని వేరుగ చెప్పవలసిన పనిలేదు. మీ స్థితియు నట్టిదే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను పేర్కొని, అట్టి బిడ్డలను తోడివారితో కలిపి చదివింపవలెననియు, అందుకు ఉపాధ్యాయులకు శిక్షణ నొసగవలెననియు శాసించినది. న్యాయవాదులమైన మేమే చెప్పుచున్నాము: చట్టము బిడ్డను బడి గడప దాటించును గాని, పాఠములోనికి తేజాలదు. వినికిడి తక్కువైన బాలుని చివరి బల్లపై కూర్చుండబెట్టినచో, హాజరు పట్టీలో పేరున్నను వాడు బడిలో లేనట్లే.

"ఇది మాకు చేతనగునా?" యని మీ రడుగుదురు. 1943లో ఆదిలాబాదు సీమలోని మార్లవాయిలో, హైమెన్‌డార్ఫు పండితుని పూనికతో, గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చి, గోండీ భాషలో బోధన నారంభించిరి. వారికి వట్టి ధైర్యవచనములు పలుకలేదు. శిక్షణ నిచ్చిరి, బిడ్డల భాషలో వాచకములు చేసి యిచ్చిరి.

కావున శిక్షణను హక్కుగా కోరుడు. అది వచ్చువరకు ఊరకుండకుడు. రేపు ఆ బాలుని ముందు బల్లకు పిలువుడు. వాని కెదురుగ నిలిచి, మెల్లగ మాటాడుడు. ధైర్య మచ్చటనే మొదలగును.