మన దస్త్రాలకు కావలి: కంప్యూటరుకూ ఒక ముఖత్యార్‌పత్రం

(సగరోళిలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1956 నవంబరు 1న రాష్ట్రాల సరిహద్దులు మారినప్పుడు మన బిలోలి తాలూకా హైదరాబాదు రాష్ట్రం నుండి బొంబాయి రాష్ట్రానికి, 1960 మే 1న మహారాష్ట్రకు చేరింది. ఆ 1956లోనే ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలోకి 350-ఎ అధికరణం వచ్చింది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించమని అది చెబుతుంది. ఆ హక్కును అడగాలంటే ఎందరు పిల్లలు, వారి ఇంటి భాష ఏది అన్నది కాగితం మీద చూపాలి. అందుకే సంతకాల జాబితాలు, బడి ధ్రువపత్రాలు సేకరిస్తున్నాము. ఇవాళ అవన్నీ కంప్యూటరులోకి చేరుతున్నాయి.

నమ్మి ఇచ్చిన కాగితం పరుల పాలైతే ఆ ఇంటివారు మళ్ళీ సంతకం పెట్టరు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. ఇతరుల గోప్యత మన చేతిలో ఉన్నప్పుడు దానిని కాపాడే బాధ్యతా మనదే.

ముఖత్యార్‌పత్రం మీకు తెలుసు. సర్వాధికారాలూ ఇచ్చేది ఒకటి, ఒక్క పనికే పరిమితమైనది మరొకటి. కంప్యూటరులో మనం తెరిచే ప్రతి ప్రోగ్రాముకూ సాధారణంగా మన సర్వాధికారాలూ సంక్రమిస్తాయి. ఎవరో పంపిన దొంగ దస్త్రం ఆ ప్రోగ్రామును లొంగదీసుకుంటే, మనం చదవగలిగినదంతా అదీ చదవగలదు. లినక్స్‌లోని యాప్‌ఆర్మర్ ఈ అధికారాన్ని కుదిస్తుంది. ఇది 2010లో లినక్స్ కెర్నెల్‌లో చేరింది. ఉబుంటులోనూ, 2019లో వచ్చిన డెబియన్ 10 మొదలుకొని డెబియన్‌లోనూ ముందుగానే అమలులో ఉంటుంది. ప్రోగ్రాముకు ఒక ప్రొఫైల్ రాస్తాము. ఏ దస్త్రం చదవవచ్చు, దేనిలో రాయవచ్చు అన్నది అందులో ఉంటుంది. అందులో రాయని అధికారం ఇవ్వనట్టే.

దీనిని టెర్మినల్‌లో ఆదేశాలతోనే నడపవచ్చు. ముందు 'సుడో ఏఏ-స్టేటస్' అని కొట్టండి. ఏ ప్రొఫైళ్ళు అమలులో ఉన్నాయో, ఏవి ఫిర్యాదు దశలో ఉన్నాయో తెలుస్తుంది. 'ఏఏ-'తో మొదలయ్యే మిగిలిన ఆదేశాలకు యాప్‌ఆర్మర్-యుటిల్స్ అనే ప్యాకేజీ కావాలి. కొత్త ప్రొఫైల్‌కు 'ఏఏ-జెన్‌ప్రొఫ్' తరువాత ప్రోగ్రాము పేరు ఇచ్చి, మరో కిటికీలో ఆ ప్రోగ్రామును రోజూ వాడేటట్టే వాడండి. అది అడిగే ప్రతి అనుమతినీ పరిశీలించి ఒప్పుకోండి లేదా నిరాకరించండి.

తరువాత 'ఏఏ-కంప్లెయిన్'తో కొన్నాళ్ళు ఫిర్యాదు దశలో ఉంచండి. ఈ దశలో గీత దాటిన పనులను సాధారణంగా ఆపదు, నమోదు చేస్తుంది. 'ఏఏ-లాగ్‌ప్రొఫ్' ఆ నమోదులను చూపి ప్రొఫైల్‌ను సరిదిద్దిస్తుంది. అంతా కుదిరాక 'ఏఏ-ఎన్‌ఫోర్స్'తో అమలు చేసి, ప్రోగ్రామును మూసి మళ్ళీ తెరవండి. ముందే నడుస్తున్నదానికి కొత్త ప్రొఫైల్ తగులుకోదు. ప్రొఫైల్‌ను చేత్తో దిద్దితే 'యాప్‌ఆర్మర్_పార్సర్ -ఆర్'తో మళ్ళీ ఎక్కించాలి.

ప్రోగ్రాము మొరాయించగానే 'ఏఏ-డిసేబుల్' కొట్టడం కావలివాణ్ణి ఇంటికి పంపడమే. నమోదు చదివి, అవసరమైన ఒక్క అనుమతినే ఇవ్వండి. అడిగినదల్లా ఒప్పుకుంటే ప్రత్యేక పత్రం మళ్ళీ సర్వాధికార పత్రమే అవుతుంది.

దీనికీ హద్దులున్నాయి. కంప్యూటరే దొంగిలిస్తే యాప్‌ఆర్మర్ ఆపలేదు. అందుకు డిస్కును గుప్తీకరించాలి. నిర్వాహకుని పాస్‌వర్డు నలుగురి నోళ్ళలో పడితే ఏ ప్రొఫైలూ నిలవదు.

సంతకాల జాబితా ఉన్న ప్రతి కంప్యూటరుకూ బాధ్యత వహించే యువతినో యువకుడినో నియమించుకుందాము. హక్కు అడిగే చేతులు తమకు అప్పగించిన నమ్మకాన్నీ కాపాడగలవని చూపుదాము.

జై తెలుగుతల్లి!