గినీ పిగ్ చేష్టలు, దాని తిండి

గినీ పిగ్‌లో వింతగా కనిపించే చేష్టలు చాలావరకు దాని మామూలు నడవడే. నిజంగా భయపడవలసినవి మాత్రం తరచు కంటికి ఆనవు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో కొన్ని వేల ఏళ్ళ కిందటే మచ్చికైన ఈ జంతువు ఎలుకలు, ఉడుతల కోవలోది. పందితో దానికి ఏ చుట్టరికమూ లేదు. గద్దకూ నక్కకూ ఆహారమైన జాతి కాబట్టి నొప్పినీ నీరసాన్నీ దాచుకోవడం దాని స్వభావం. మందలో కుంటుతూ కనిపించినదే ముందు వేటకు చిక్కుతుంది. పెరూ, బొలీవియా, ఈక్వెడార్ దేశాల్లో ఈనాటికీ దాన్ని మాంసం కోసం పెంచుతారు. కుస్కో నగరంలోని కెథడ్రల్‌లో మార్కోస్ సపాటా పద్దెనిమిదో శతాబ్దంలో వేసిన చివరి విందు చిత్రం ఉంది. క్రీస్తు ముందున్న పళ్ళెంలో వడ్డించినది గినీ పిగ్గేనని అక్కడివారు చూపిస్తారు. పదహారో శతాబ్దంలో స్పెయిన్ ఓడలెక్కి ఐరోపా చేరాక గాని అది ముద్దుచేసే జంతువు కాలేదు.

ఈ సభ ఆహ్వాన పత్రికలో ప్రవర్తన, ఆహారం, నివాసం, వ్యాధులు అని నాలుగు అంశాలు అచ్చయ్యాయి. ముందు వరుసల్లో పిల్లలే ఎక్కువగా కూర్చున్నారు కనుక చప్పుళ్ళతో మొదలుపెట్టడం న్యాయం. ఫ్రిజ్ తలుపు తీసినా, కొత్తిమీర కట్ట ఉన్న కవరు గలగలలాడినా గినీ పిగ్ గట్టిగా కీచుమంటుంది. ఆకలి ఒక్కటే కారణం కాదు, అన్నం పెట్టే మనిషి వచ్చాడన్న ఆనవాలు కూడా అందులో ఉంది. తల్లి కనిపించని పిల్లలూ ఇలాగే అరుస్తాయి. ఒళ్ళో కూర్చోబెట్టి నిమిరితే గొంతులో సన్నగా గురగురమంటుంది, అది తృప్తి. అదే గురగుర బొంగురుగా మారి, నడుము అటూ ఇటూ ఊపుతూ తోటిదాని చుట్టూ తిరిగితే మగది ఆడదాన్ని మెప్పించే ప్రయత్నంలో ఉందన్నమాట. పళ్ళు టకటకలాడిస్తే కోపం. అప్పుడు బోనులో చెయ్యి పెట్టకపోవడం మంచిది. అరుదుగా ఒక్కోటి రాత్రిపూట మైకం కమ్మినట్టు కదలకుండా నిలబడి పక్షిలా కిచకిచమంటుంది. దీనికి కారణం ఇంతవరకు ఎవరూ తేల్చలేదు.

పెంచేవారిని ఎక్కువగా హడలగొట్టేది గెంతు. నిలుచున్నదల్లా పెనం మీది పేలంలా ఒక్కసారి గాల్లోకి లేచి, మెలితిరిగి పడి, మళ్ళీ లేస్తుంది. పెంపకందార్లు పాప్‌కార్నింగ్ అనే ఈ గెంతు సంతోషం పట్టలేక వేసేది. పిల్లలు ఎక్కువగా, పెద్దవి బరువు కొద్దీ తక్కువగా గెంతుతాయి. దీన్ని మూర్ఛ అనుకుని చల్లనీళ్ళు చల్లేవారూ ఉన్నారు. అసలు మూర్ఛ వేరు: జంతువు పక్కకు పడి కాళ్ళు తన్నుకుంటుంది, తేరుకోవడానికి సమయం పడుతుంది. చర్మంలో దూరి బతికే గజ్జి పురుగు ముదిరితే దురద భరించలేక అలా కొట్టుకుంటుంది. చప్పుడు వినగానే రాయిలా బిగుసుకుపోవడం, కళ్ళు తెరుచుకునే నిద్రపోవడం, కంట్లోంచి పాలవంటి ద్రవం తీసి ముందుకాళ్ళతో ముఖం తుడుచుకోవడం అన్నీ మామూలే. ముందుకు వంగి, వెనకనుంచి వచ్చే మెత్తని ఉండల్ని నోటితో అందుకుని తినడం చూసి అసహ్యించుకోవడం తగదు. పెద్దపేగు మొదట్లో పులిసి తయారైన బి విటమిన్లు అలా తిన్నప్పుడే దాని ఒంటికి పడతాయి. ఒక ఆడది ఇంకో ఆడదాని మీదికెక్కితే అది పెత్తనం చూపించడం. తోటిదాని వెంట్రుకలు నములుతుంటే మాత్రం గడ్డి చాలడం లేదేమో, చోటు ఇరుకైందేమో చూడాలి.

అంశాలన్నింటిలో ఆహారానిదే అగ్రస్థానం, ఎందుకంటే గినీ పిగ్ జబ్బుల్లో సగానికి మూలం అక్కడే కనిపిస్తుంది. దాని నోట్లో ఇరవై పళ్ళుంటాయి, ఇరవయ్యీ చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలేటప్పుడు దవడ పక్కలకు కదిలి దంతాలు ఒకదానికొకటి రాసుకుంటేనే అరుగుతాయి. మెత్తని తిండికి అలవాటుపడితే కింది దవడపళ్ళు లోపలికి వంగి నాలుకను అణచిపెడతాయి. అప్పుడది ఆశగా గిన్నె దగ్గరికి వెళ్తుంది, వాసన చూస్తుంది, ముక్క నోట పట్టి వదిలేస్తుంది, చొంగ కారుస్తుంది. ఇంట్లోవాళ్ళు అలిగిందంటారు. అలకా కాదు, వింతా కాదు, నమలలేకపోతోంది. దాని పేగు ఆగకుండా కదలాలి. పన్నెండు గంటలు ఏమీ తినలేదంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళవలసిన సమయం వచ్చినట్టే.

కనుక తిండిలో ముప్పాతిక పైగా ఎండుగడ్డి, పచ్చగడ్డే ఉండాలి. విదేశీ తిమోతి గడ్డి దొరికితే మంచిదే, దొరక్కపోతే గరిక ఉంది. వరిగడ్డి కింద పరవడానికి పనికొస్తుంది గాని తిండిగా చాలదు. పాడి రైతులు వేసే లూసర్న్‌లో కాల్షియం ఎక్కువ. చూలుతో ఉన్నవాటికీ పిల్లలకూ పెట్టవచ్చు, ఎదిగినవాటికి రోజూ పెడితే మూత్రాశయంలో రాళ్ళు కడతాయి. పెరడు ఉన్న రోజుల్లో గరికకు కొదవ ఉండేది కాదు. ఇప్పుడు పెరటికి టైల్సు పరిచి, వినాయక చవితికి గరిక కూడా కట్టలెక్కన కొంటున్నారు. అదే చేత్తో దుకాణంలో రంగురంగుల గింజల పొట్లం కొని గినీ పిగ్ ముందు పోస్తున్నారు. పొద్దుతిరుగుడు గింజలు, ఎండిన పండ్ల ముక్కలు, రంగేసిన బిస్కెట్లు ఉన్న ఆ పొట్లం మీద బొమ్మ గినీ పిగ్‌దే అయినా లోపలి సరుకు దానికి పనికొచ్చేది కాదు. రోడ్డు పక్క గరిక కోసేవారు కుక్కలు తిరిగే చోటు, కలుపుమందు కొట్టిన చోటు వదిలేయాలి.

సి విటమిన్ విషయంలో గినీ పిగ్‌దీ మనిషిదీ ఒకటే దురదృష్టం. కుక్క, పిల్లి, ఆవు, ఎలుక తమకు కావలసిన సి విటమిన్‌ను కాలేయంలో తయారుచేసుకుంటాయి. ఆ తయారీలో చివరి మెట్టుకు అవసరమైన ఎంజైమ్ గినీ పిగ్‌లోనూ మనిషిలోనూ లేదు. అసలు జంతువులకు స్కర్వీ రాదనే 1907 దాకా అందరి నమ్మకం. ఆ ఏడాది నార్వేలో ఆక్సెల్ హోల్స్ట్, థియోడర్ ఫ్రోలిక్ అనే ఇద్దరు వెతుకుతున్నది ఓడ నావికులకు వచ్చే బెరిబెరి లాంటి జబ్బు కారణాన్ని. గినీ పిగ్‌లకు ఒట్టి ధాన్యం పెట్టి చూస్తే బెరిబెరి రాలేదు, చిగుళ్ళు వాచి, కీళ్ళలో రక్తం చేరి స్కర్వీ వచ్చింది. క్యాబేజీ, నిమ్మరసం ఇస్తే తగ్గింది. పరిశోధన ఆ తర్వాత పాతికేళ్ళు ఈ జంతువు మీదే నడిచింది. హంగరీలోని సెగెద్ పట్టణంలో ఆల్బర్ట్ సెంట్-జ్యోర్జి, తన దగ్గరికి వచ్చిన పరిశోధకుడు స్విర్బెలీతో కలిసి 1930ల మొదట్లో ఒక పరీక్ష చేశాడు. కొన్నింటికి ఉడకబెట్టిన తిండి మాత్రమే పెట్టారు, మిగిలినవాటికి దానితోపాటు తాను అంతకుముందే వేరుచేసిన ఆమ్లాన్ని కలిపిచ్చారు. మొదటివి స్కర్వీతో చచ్చాయి, రెండోవి హాయిగా బతికాయి. ఆ ఆమ్లమే సి విటమిన్. పరిశోధనకు అది పెద్ద మొత్తంలో కావలసి వచ్చినప్పుడు రాత్రి భోజనంలో భార్య పెట్టిన మిరపకాయ తినడం ఇష్టంలేక లాబొరేటరీకి పట్టుకుపోయి పరీక్షించానని సెంట్-జ్యోర్జి స్వయంగా చెప్పుకున్నాడు. సెగెద్ పండుమిరప నిండా ఆ విటమినే ఉంది. 1937లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు గినీ పిగ్‌కు క్యాప్సికం ముక్క పెట్టమని చెప్పే ప్రతి పశువైద్యుడి మాటలోనూ ఆ మిరపకాయ ఘాటు కొంచెం ఉంటుంది.

ఈ కథకు హైదరాబాదుతోనూ సంబంధముంది. కూనూరులో 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక్క గదిలో మొదలుపెట్టిన పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ పేరుతో తార్నాకలో నడుస్తోంది. మెక్‌కారిసన్ కూడా స్కర్వీ తెప్పించే తిండి పెట్టి గినీ పిగ్ లోపలి అవయవాలు ఎలా దెబ్బతింటాయో చూసినవాడే.

ఈ సభ వేదిక మీద ప్లాస్టిక్ కాగితం చుట్టిన పూలగుత్తులు వరసగా ఉన్నాయి. పెద్దల దగ్గరికి వెళ్తే నిమ్మపండు చేతిలో పెట్టే మర్యాద తెలుగునాట ఉండేది, ఇప్పుడు దాని స్థానంలో ఈ గుత్తులు వచ్చాయి. 1747లో బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు జేమ్స్ లిండ్ సాలిస్‌బరీ ఓడలో స్కర్వీతో పడి ఉన్న నావికుల్ని జంటలుగా విడదీసి రకరకాల మందులిస్తే, నారింజలూ నిమ్మపండ్లూ తిన్న జంటే ముందు లేచి తిరిగింది. ఆ లెక్కన చేతిలో నిమ్మపండు పెట్టిన పాత మర్యాద ఒంటికి కూడా మేలు చేసేదే. పూలగుత్తుల్ని ఇంటికి తీసుకెళ్ళేవారు లిల్లీ వంటి దుంపజాతి పూలు గినీ పిగ్‌కు విషమని గుర్తుంచుకుని అందనిచోట పెట్టాలి.

గినీ పిగ్‌కు కావలసిన సి విటమిన్ మోతాదు కిలో బరువుకు రోజుకు పది నుంచి ముప్పై మిల్లీగ్రాములు. చూలుతో ఉన్నవాటికి ఇంకా ఎక్కువ. రెండు మూడు వారాలు అందకపోతే ఒళ్ళు గరుకెక్కుతుంది, కీళ్ళు వాస్తాయి, ఎత్తుకుంటే అరుస్తుంది, నడక కుందేలు గెంతులా మారుతుంది. నిన్నటిదాకా ఒళ్ళోకి వచ్చినది నేడు ముట్టనివ్వడం లేదంటే కోపం అనుకునే ముందు కీళ్ళు చూడాలి. తెలుగునాట చవగ్గా దొరికే జామకాయలో సి విటమిన్ నారింజలో ఉన్నదానికి నాలుగింతల దాకా ఉంటుంది. చక్కెర కూడా ఉంది కనుక బొటనవేలంత ముక్క చాలు. ఉసిరికాయలో అంతకంటే ఎక్కువే అయినా ఆ పులుపును చాలావాటి నోరు ఒప్పుకోదు. కొత్తిమీర, క్యాప్సికం రోజూ పెట్టవచ్చు. పాలకూర అప్పుడప్పుడే. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, అన్నం, రొట్టె, పాలు ఎప్పుడూ వద్దు. నీళ్ళలో విటమిన్ చుక్కలు కలపడం వృథా: వెలుతురు తగిలి విటమిన్ పాడవుతుంది, రుచి మారి నీళ్ళు తాగడం మానేస్తుంది. పెల్లెట్ సంచిలోని విటమిన్ తయారైన మూడు నెలల తర్వాత లెక్కలోకి రాదు.

నివాసం గురించి చెప్పవలసింది తక్కువ. వైరు జల్లెడ అడుగు ఉన్న బోను అరికాళ్ళకు పుళ్ళు పుట్టిస్తుంది. గట్టి అడుగు మీద గుడ్డ గాని ఎండుగడ్డి గాని పరవాలి. తిరిగే చక్రం, ప్లాస్టిక్ బంతి దాని వెన్నెముకకు చేటు. ఒంటరిగా ఉంచకూడదు. స్విట్జర్లాండ్ 2008లో ఒక్క గినీ పిగ్‌నే పెంచడాన్ని చట్టంతో నిషేధించింది. తోడుగా కుందేలు పనికిరాదు, దాని ముక్కులో ఉండే బోర్డెటెల్లా బాక్టీరియా గినీ పిగ్‌కు న్యూమోనియా తెస్తుంది. వేడి ఇరవై ఏడు డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది, మే నెలలో రామగుండం, రెంటచింతల ఎండలు ప్రాణాంతకం. చల్లని నాపరాయి, గుడ్డ చుట్టిన ఐసు సీసా, కూలరు గాలి పక్కనుంచి తగిలేలా ఏర్పాటు కావాలి. పక్కకు ఒరిగి రొప్పుతుంటే వెంటనే తడిగుడ్డతో తుడిచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

వ్యాధుల్ని ముందే పసిగట్టే పనిముట్టు వంటింటి తక్కెడ. వారానికోసారి తూచి కాగితం మీద రాసుకోవాలి. కిలో తూగే జంతువు వారంలో వంద గ్రాములు తగ్గితే పైకి చలాకీగా కనిపించినా జబ్బు ఉన్నట్టే. తెల్లగా పొడి కట్టే మూత్రం సాధారణం, ఎరుపు కనిపిస్తే పరీక్ష చేయించాలి. జత కొనేటప్పుడే ఆడమగ తేల్చుకోవాలి. ఆరేడు నెలలు నిండాక మొదటిసారి చూలయ్యే ఆడదానికి కటి ఎముకలు విడవక కాన్పు కష్టమవుతుంది, తరచు ఆపరేషన్ తప్పదు. ముసలి మగవాటికి మలద్వారం దగ్గర ఉండలు పేరుకుంటాయి, తరచుగా శుభ్రం చేయాలి. వెంట్రుకలు గుండ్రంగా రాలితే తామర. పట్టుకున్న మనిషికీ అంటుతుంది.

గినీ పిగ్‌కు జలుబు చేసిందని, ఇంట్లో పిల్లలకు రాసిన సిరప్‌లోంచి రెండు చుక్కలు పోసే అలవాటు ఒకటి ప్రబలింది. పెన్సిలిన్, యాంపిసిలిన్, అమాక్సిసిలిన్ నోట పోస్తే గినీ పిగ్ పేగులోని మంచి బాక్టీరియా నశిస్తుంది, క్లాస్ట్రీడియం పెరిగి దాని విషంతో జంతువు కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. ట్రైమెథోప్రిమ్-సల్ఫా, ఎన్రోఫ్లోక్సాసిన్ వంటివి దానికి పడతాయి. మోతాదు తాజా బరువు చూసి పశువైద్యుడే రాయాలి.