లెక్కలోకి రాని ఋతువులు
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



మన ఆహ్వానపత్రికలో "డెబ్బది అయిదు వసంతాలు పూర్తి చేసుకున్న పాఠశాల" అని అచ్చు వేయించాము. అది మన భాషలోని మర్యాద. మనిషి వయస్సైనా, సంస్థ వయస్సైనా వసంతాలతోనే లెక్కిస్తాము. అయితే ఈ పాఠశాల డెబ్బది అయిదు హేమంతాలను, అన్ని శిశిరాలను కూడా గడిపింది. ఆ లెక్కలోకి రాని ఋతువులను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచాను. జనవరి నెలలో, ఈ చలిలో, ఇంతమంది ఉదయమే వచ్చి కూర్చున్నారు గనుక ఆ మాటలు వినే ఓపిక మీకు ఉన్నదనే నమ్ముతున్నాను.

తెలుగు వాచకంలో చలికాలం అనగానే వరికుప్పలు, భోగిమంట, గొబ్బెమ్మలు, హరిదాసు, గంగిరెద్దు. నేను కూడా ఎన్నో ఏండ్లు ఆ విధంగానే బోధించాను. పిల్లలు శ్రద్ధగా వినేవారు. పరీక్షలో నలభైమంది ఒకే వ్యాసం వ్రాసేవారు. వారిలో చాలామందికి ముగ్గు వేయడానికి వాకిలి లేదు. గది తలుపు తీస్తే మెట్లు, మెట్లు దిగితే తారురోడ్డు. నేను చెప్పినది మా నాయనమ్మ గారి ఊరి చలికాలం. వారి చలికాలం ఎట్టిదో నేను ఏనాడూ అడుగలేదు.

అడుగవలసి వచ్చిన సందర్భం నాకు గౌరవం తెచ్చేది కాదు. అయినను చెబుతాను.

కొన్ని సంవత్సరాల క్రితం డిసెంబరులో ఏడవ తరగతి బాలిక ఒకతె ప్రతిదినం ఆలస్యంగా వచ్చేది. స్వెట్టరు లేదు. నేను ఆమెను వరండాలో, నీడన నిలబెట్టేదానిని. మూడవ రోజున ఆమె మెల్లగా, "మేడమ్, ఆ కానుగచెట్టు ప్రక్కకు వెళ్ళి నిలబడనా? ఎనిమిది నలభైకి అక్కడికి ఎండ వస్తుంది" అన్నది. నేను చేతి గడియారం చూచుకున్నాను. సరిగా ఎనిమిది నలభైకి నీళ్ళ ట్యాంకు మీదుగా ఎండ వచ్చి ఆ చోట పడింది. అదే ఆవరణలో అన్ని ఏండ్లు తిరిగిన నాకు ఆ సంగతి తెలియదు.

ఆమె తల్లి వీధులు ఊడ్చే పని చేస్తుంది. బెంగుళూరు వీధులను తెల్లవారుజామున శుభ్రపరిచే స్త్రీలలో తెలుగు కుటుంబాల వారు ఎందరో ఉన్నారని ఈ సభకు నేను చెప్పనక్కరలేదు. శిశిరంలో ఆకులు రాలునని మేము పాఠం చెబుతాము. ఊడ్చిన చోటనే మళ్ళీ రాలుతాయని, ఆ నెలల్లో పని రెండింతలవుతుందని, అందువలన తల్లికి సాయంగా ఈ పిల్ల గోనెసంచి పట్టుకొని నిలబడుతుందని మా పాఠంలో లేదు.

మన నగరంలో ఆ ఆకులు, పూలు ఊరక రాలడం లేదు. 1908లో ఇక్కడికి వచ్చిన జర్మను ఉద్యానశాస్త్రజ్ఞుడు క్రుంబిగెల్, ఒక జాతి పూత ముగిసేసరికి మరొక జాతి పూసేటట్లు వీధులలో చెట్లు నాటించాలని తలచాడు. 1980వ దశకంలో అటవీ అధికారి నెగినహాళ్ గారి ఆధ్వర్యంలో లక్షలాది మొక్కలు నాటారు. మధ్య, దక్షిణ అమెరికాల నుండి వచ్చిన టబెబూయా చెట్టు చలికాలంలో ఆకు రాల్చి, ఒళ్ళంతా గులాబీరంగు పూలతో నిండిపోతుంది. దాని వెనుకనే మార్చిలో జకరండా, ఎండలు ముదిరితే గుల్‌మొహర్. రోడ్డు మీద పరచుకున్న ఆ పూలను ఫోటోలు తీసుకునే వారిని నేను తప్పు పట్టను, నేనూ తీసుకున్నాను.

ఆ సంవత్సరం నుండి వ్యాసానికి బదులు పిల్లలచేత "ఋతుపుస్తకం" వ్రాయిస్తున్నాము. రోజుకు రెండు వాక్యాలు చాలు. తాము చూచినది వ్రాయాలి, వాచకంలోనిది వ్రాయరాదు. అదే బాలిక జనవరి ఇరవయ్యవ తేదీన, "సంక్రాంతి అయిపోయినా పొద్దు ఇంకా ఆలస్యంగానే పొడుస్తున్నది" అని వ్రాసింది. నేను ఎర్రసిరాతో "తప్పు" అని దిద్దాను. డిసెంబరు 21 తరువాత పగలు పెరుగునని చెప్పినది నేనే కదా! ఆమె వాదించలేదు. "అమ్మ ఇంకా వీధిదీపాల వెలుతురులోనే మొదలుపెడుతున్నది మేడమ్" అని మాత్రం అన్నది.

ఇంటికి పోయి పంచాంగం తీశాను. ఆ పిల్ల వ్రాసినదే సరి. బెంగుళూరులో సూర్యోదయం అన్నిటికంటె ఆలస్యమయ్యేది డిసెంబరులో కాదు, జనవరి చివరి వారంలో. అప్పుడు డిసెంబరు 21 నాటికంటె సుమారు ఎనిమిది నిమిషాలు ఆలస్యం. పగలు పెరిగే మాట నిజమే గాని, ఆ పెరుగుదల అంతా సాయంత్రం వైపున చేరుతుంది. భూమి అక్షం వాలి ఉండడం వలన, జనవరి మొదట్లో భూమి సూర్యునికి మిక్కిలి దగ్గరగా, వేగంగా సాగుతుండడం వలన, డిసెంబరు చివర సూర్యుడు నడినెత్తికి తిరిగి రావడానికి గడియారపు ఇరవై నాలుగు గంటలకంటె దాదాపు అర నిమిషం ఎక్కువ పడుతుంది. ఆ అర నిమిషాలు రోజురోజుకు కూడి పొద్దుపొడుపును వెనుకకు నెడతాయి. ముప్పై ఏండ్ల సర్వీసులో నేను ఈ సంగతి గమనించలేదు. చీపురు పట్టిన తల్లి ప్రక్కన నిలబడిన పిల్ల గమనించింది.

ఋతుపుస్తకాలలో అన్నిటికంటె ఎక్కువ పుటలు దేనికి పోయాయో ఊహించండి: అనపకాయలకు! ఇక్కడ అవరెకాయి అంటారు. డిసెంబరు వచ్చిందంటే మాగడి వైపు నుండి బుట్టలు, గోతాలు దిగుతాయి. రాత్రి ఇంటిల్లిపాది కూర్చుని కాయలు వలిచి గింజలు నానబెట్టడం, మరునాడు ఒక్కొక్క గింజను వేళ్ళ మధ్య నొక్కి పితికిపప్పు తీయడం, అది చెంగున ఎగిరి అన్న ముఖం మీద పడడం, ఇవన్నీ పిల్లలు వ్రాశారు. ఒక బాలుడు "మా ఇంటిలో చలికాలానికి వాసన ఉన్నది" అని వ్రాశాడు. ఆ వాసనను కన్నడంలో సొగడు అంటారు. మంచు పడిన కాయకే సొగడు ఎక్కువ అని అమ్మేవారు చెబుతారు.

మా విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయిని ఆ పుటలు చదివి పాఠం అక్కడ నుండే మొదలుపెట్టింది. నాటు అనపతీగ రాత్రి నిడివి పెరిగితే గాని పూత పట్టదు. బెంగుళూరులో మిక్కిలి పొడుగు పగటికి, మిక్కిలి పొట్టి పగటికి తేడా గంటన్నర మాత్రమే. మనకు తెలియని ఆ తేడా తీగకు తెలుస్తుంది. మన వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు పగటి నిడివితో నిమిత్తం లేకుండా కాసే హెబ్బాళ అవరె రకాలను తయారు చేశారు. రైతుకు అది మేలు. అయినప్పటికీ మే నెలలో అవరెకాయ కూర తిన్నవారు మొగం చిట్లించారని కూడా ఒక పుస్తకంలో ఉన్నది.

కార్తీకంలో కడపటి సోమవారం బసవనగుడిలో జరిగే కడలెకాయి పరిషె, జనవరిలో లాల్‌బాగ్ పూల ప్రదర్శన కూడా ఈ పుస్తకాలలో తప్పక వస్తాయి. వాటిని మీరందరూ ఎరుగుదురు. పూర్వ విద్యార్థులు "మా కాలంలో చలి ఇంకా ఎక్కువ" అంటూ ఉంటారు. ఈ నగరంలో నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అది 1884 జనవరి 13న. కాబట్టి ఆ గొప్ప మీలో ఎవరికీ దక్కదు! ఎండ మాట వేరు. 2016 ఏప్రిల్ 24న 39.2 డిగ్రీలు మనమే చూశాము.

ఇప్పుడు డిసెంబరు, జనవరి నెలలలో ప్రార్థన సమావేశం కానుగచెట్టు ప్రక్కన, ఎనిమిది నలభై అయిదుకు జరుగుతున్నది. స్వెట్టరు ఫలానా రంగులోనే ఉండాలనే నిబంధన తీసివేశాము. పచ్చ, నీలం, అన్నగారి పొడుగుచేతులది, ఏదైనా సరే. వరుసలో చూడడానికి అందంగా లేదని పెద్దలొకరు అన్నారు. నిజమే, లేదు. చలికాలంలోని మంచిని చూపించాలంటే ముందు పిల్లవాడి పళ్ళు కటకటలాడకుండా ఉండాలి. ఇంకా పదునెనిమిది మందికి స్వెట్టర్లు లేవు. పేర్లు చెప్పను, కొలతల చీటీ కార్యాలయంలో ఉన్నది.

ఋతుపుస్తకాలు గ్రంథాలయంలో కిటికీ ప్రక్క బల్లమీద పెట్టించాము. పైన నీలిరంగు అట్ట ఉన్నదానిలో జనవరి ఇరవయ్యవ తేదీ పుట తెరచి ఉంచాను. నా ఎర్రసిరా, దానిని కొట్టివేసి క్రింద నేను చేసిన సంతకం, రెండూ అందులో అట్లే ఉన్నవి. చూచి వచ్చిన తరువాత వెనుక ఆవరణలోకి దయచేయండి. పిల్లలు, తల్లులు నిన్న రాత్రి పితికిన పప్పుతో కూర వండారు; వేడిగా ఉన్నది.