గొఱ్ఱెల కాపరులును మాంసశాలయు
(సరూర్‌నగరమున జరిగిన వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



మన సభలలో విద్యార్థి వసతిగృహములను గూర్చియు, ఉద్యోగములను గూర్చియు ఏటేట తీర్మానములు జరుగుచున్నవి. అవి యావశ్యకములే. కాని మనకు తరతరములుగా నన్నము పెట్టిన జీవాల మాట ఒగ్గుకథలో వినబడుచున్నది గాని తీర్మానములలో వినబడుట లేదు. అందుచేత నేడు నేను మాంసశాలా నిర్మాణమును గూర్చి ముచ్చటింప దలచితిని.

2019వ సంవత్సరపు పశుగణనము ననుసరించి తెలంగాణమున గొఱ్ఱెల సంఖ్య 1 కోటి 90 లక్షలకు మించినది. అంతకు ముందు 2012లో అది 1 కోటి 28 లక్షలు మాత్రమే. దేశమున ప్రథమ స్థానము మనదే యైనది. 2017 జూన్ 20వ తేదీన కొండపాకలో ప్రారంభమైన పంపిణీ పథకము క్రింద కుటుంబమునకు 20 గొఱ్ఱెలును ఒక పొట్టేలును నూటికి 75 వంతుల రాయితీతో ఇచ్చిరి. ఆ పథకపు లోటుపాట్లను విచారించువారు వేఱుగ నున్నారు. నేనా జోలికి పోను. నా ప్రశ్న యొక్కటే: మంద పెరిగియు కాపరి చేతిలో పైకమేల నిలువదు?

సంతకు పోయి చూడుడు. బియ్యమునకు తూకము గలదు, ప్రత్తికి తూకము గలదు, చింతపండునకును తూకము గలదు. గొఱ్ఱెకు మాత్రము తూకము లేదు. బేరగాడు వచ్చి నడుముపై చేయి వైచి నొక్కి చూచి ధర చెప్పును. అతని చేయి దినమునకు వంద జీవాలను తడవినది. మనవాడు ఏడాదికి పదునైదు అమ్మును. ఎవరి యంచనా నెగ్గునో చెప్ప నక్కఱ లేదు. 30 కిలోల జీవమునకు తోలు, తల, కాళ్ళు, బోటి తీసివేయగా రమారమి 14 కిలోల మాంసము దిగును. బేరములో రెండు కిలోలు తక్కువ కట్టిన ఇంచుమించు కిలో మాంసము పోయినట్లే. పట్నమున కిలో 800 రూపాయలకు తక్కువ లేదు. పదునైదు జీవాలపై 12,000 రూపాయలు! అది దుకాణపు ధర, నిజమే. అందు సగమైనను కాపరికి దక్కిన పిల్లల బడి ఖర్చునకు వచ్చును.

అమ్మిన పిదప ఆ జీవము లారీ యెక్కి జియాగూడ మండీకి పోవును. అచ్చటికి మన జిల్లాల గొఱ్ఱెలే గాక రాజస్థానము, మహారాష్ట్రములనుండియు వచ్చుచున్నవి. త్రోవలో మేత లేదు, నీరు లేదు. తూకము తగ్గును. అంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి గలదు. బెదరి యలసిన జీవమునందు కండలలోని శక్తి ముందే ఖర్చగును. అందుచేత వధానంతరము మాంసము తగినంత పులుపు నెక్కక నల్లబారి గట్టిపడి త్వరగా చెడిపోవును. గొఱ్ఱెను దూరము తీసికొనిపోవుటకంటె మందల చెంతనే కోసి, 4 డిగ్రీలకు మించని చల్లదనమున మాంసమును పంపుట మేలు. ఈ విద్యను నేర్పు జాతీయ మాంస పరిశోధనాలయము మన ప్రక్కనే చెంగిచెర్లలో నున్నది. మన యువకులలో ఎందఱు దాని గడప త్రొక్కిరి?

ఇచట పెద్దల యభ్యంతరమొకటి గలదు. "మనము పెంచువారము గాని కోయువారము గాము, కొమురవెల్లి మల్లన్నకు, బీరప్పకు మ్రొక్కు చేతులతో మాంసశాల కట్టుదుమా?" అని. మా యింటనే ఈ మాట వినియున్నాను, తేలికగా త్రోసివేయజాలను. ఐనను, పేరుపెట్టి పిలిచిన జీవమును బేరగానికి అప్పగించి, లారీలో దాని కాలు విరిగినను చూడనట్లు ముఖము త్రిప్పుకొనుట దయ యగునా? 2001వ సంవత్సరపు వధశాలల నియమములు పరీక్షానంతరము వధకు ముందు జీవమునకు 24 గంటల విశ్రాంతి నీయవలెనని విధించుచున్నవి. ఆ నియమమును పాటించు తావు మనదైనచో మన మ్రొక్కునకు భంగము రాదని నా నమ్మకము. కోయు పని కటికవారిది, ఖురేషీలది. ఆ నేర్పు వారిదే. వారిని కూలివాండ్రుగ గాక భాగస్వాములుగ చేర్చుకొననిచో ఈ యాలోచన యన్యాయమగును; నిలువదు కూడ.

ఇక పరిమాణము. భారీ యంత్రములు తెచ్చి, చాలినన్ని జీవాలు రాక తలుపులు మూసికొనుట మనకు వలదు. ఒక పశువైద్యుడు దినమునకు 96 జీవాలకు మించి పరీక్షింపరాదని ఆ నియమములే చెప్పుచున్నవి. ఆ లెక్కనే మన కొలతగా గైకొందము. దినమునకు 96 చొప్పున 300 దినములకు 28,800 జీవాలు. కుటుంబమునకు పదునైదైన 1,920 కుటుంబములు చాలును. కాని వేసవిలో మందలు మేతకై వలసపోవును. బక్రీదునకు పొట్టేళ్ళు ప్రాణముతోనే మంచి ధర పలుకును, అప్పుడు వానిని మాంసశాలకు తెమ్మనుట తెలివి కాదు. కావున మూడు నాలుగు మండలముల కాపరులతో ముందుగనే ఒడంబడిక యుండవలెను.

స్థలము? సరూర్‌నగరమున వలదు. మన చెరువు మురుగుతో పడుచున్న పాటు చాలును. నెత్తురు, పేడ కలిసిన నీటిని శుద్ధిచేయక విడుచు మాంసశాల ఏ యూరికిని శత్రువే. గడ్డిఅన్నారపు పండ్ల మార్కెట్టే విజయవాడ బాటను బాటసింగారమునకు తరలినది గదా. సాగరు బాటలో బొంగుళూరు దాటి, ఇబ్రహీంపట్నము, యాచారము వైపు మందలును గలవు, వలయ రహదారియు చెంతనే కలదు. తోళ్ళకు కొట్టు, ప్రేగులనుండి శస్త్రచికిత్సకు వాడు దారమును చేయువారితో బేరము, ఇవి మొదటినుండియే చూడవలెను; లాభము తఱచుగ అందే దాగియుండును.

పెట్టుబడి మాటకు చాలమంది నిట్టూర్చెదరు. 1946లో ఆనందులో పాడిరైతులు దళారీ ధరకు లొంగక తమ సంఘమును స్థాపించుకొనిరి. అంత దూరమేల, 1956 నుండి ముల్కనూరు సహకార సంఘము మన కన్నుల యెదుటనే నడచుచున్నది. పంపిణీ పథకపు రెండవ విడతలో మనవారు తమ వంతుగ 43,750 రూపాయలు కూర్చిరి. అప్పు చేసి కూర్చినవారును గలరు. అట్టివారు వేయి రూపాయల వాటా కొనలేరా? కొనగలరు. సందేహము ధనమునందు గాదు, లెక్కలయందు. గ్రామ గొఱ్ఱెల పెంపకందార్ల సంఘములు కాగితముపై నెన్నో యున్నవి. జమాఖర్చులు సభలో చదివి వినిపించునవి ఎన్ని?

అందుచే నేను నేడు భవనము నడుగుట లేదు. తూకపు యంత్రమొకటి అడుగుచున్నాను. ఇబ్రహీంపట్నపు చుట్టుప్రక్కల సంఘములలో ఐదింటిని ఎన్నుకొని, రాబోవు ఏడాది పొడుగునను అమ్మబోవు ప్రతి జీవమును తూచి, తూకమును, పలికిన ధరను, నెలను ఒక చిట్టాలో వ్రాయింతము. కర్చు ఆహ్వాన సంఘపు మిగులునుండి ఇప్పించవలెనని అధ్యక్షులవారిని ప్రార్థించుచున్నాను. చిట్టా వ్రాయుటకు మన వసతిగృహపు విద్యార్థులలో నలుగురు ముందుకు వచ్చిరి. వారి పేరులను కార్యదర్శిగారికి అందజేసితిని.