టైరు మీది అంకె, డ్రైవరు నడుం, మన నల్లరేగడి

(సంఘం మండల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మిర్చి ధర, పత్తి కొనుగోలు కేంద్రాలు, ఎరువుల కొరత గురించి ఈ తరగతిలో మిగతా వక్తలు మాట్లాడతారు. నాకిచ్చిన అంశం ట్రాక్టర్ టైరు. ఇది కూడా ఒక విషయమేనా అని కొందరికి అనిపించవచ్చు. కానీ పెదనందిపాడు నుంచి పర్చూరు, ఇంకొల్లు, అద్దంకి దాకా ఏ ఊళ్లోనైనా ట్రాక్టర్ డ్రైవర్లను అడిగి చూడండి. పది, పదిహేనేళ్లు స్టీరింగ్ పట్టినవాళ్లలో నడుం నొప్పి లేనివాళ్లు ఎంతమంది దొరుకుతారో లెక్కపెట్టండి. ఆ నొప్పికి డొంక రోడ్డు ఒక కారణం, సీటు ఒక కారణం. మూడోది, మనం ఎప్పుడూ పట్టించుకోనిది, టైరులో మనం కొట్టించే గాలి.

పొలంలో నడిచే ట్రాక్టర్‌కు వెనక ఇరుసు దగ్గర కమాన్లు ఉండవు. కారుకో, లారీకో ఉన్నట్టు కుదుపును మింగే ఏర్పాటు దానికి లేదు. ఉన్న స్ప్రింగ్ ఒక్కటే, టైరులోని గాలి. ఆ గాలిని రాయిలా బిగిస్తే గుంటలో పడ్డ ప్రతి దెబ్బా ఇరుసు నుంచి సీటుకు, సీటు నుంచి వెన్నుపూసకు నేరుగా చేరుతుంది.

టైరు పక్కన ఏం రాసి ఉంటుంది?

ఇంటికి వెళ్లాక మీ ట్రాక్టర్ వెనక టైరు తుడిచి చూడండి. ముందు 13.6-28 లాంటి సైజు ఉంటుంది. 13.6 అంటే టైరు వెడల్పు అంగుళాల్లో, 28 అంటే రిమ్ము అంగుళాల్లో. దాని పక్కన 12 పీఆర్ లాంటి అంకె ఉంటుంది. పీఆర్ అంటే ప్లై రేటింగ్. కొన్ని టైర్ల మీద లోడ్ ఇండెక్స్ అనే ఇంకో అంకె, వేగానికి ఏ6, ఏ8 లాంటి గుర్తు ఉంటాయి. ఏ6 అంటే గంటకు 30 కిలోమీటర్లు, ఏ8 అంటే 40 కిలోమీటర్లు.

ప్లై అంటే పొర. ఈ మాటకు మన పత్తితోనే సంబంధం ఉంది. తొలిరోజుల్లో టైరు లోపల రబ్బరుకు బలాన్నిచ్చింది నూలు దారాల పొరలే. ఎన్ని నూలు పొరలు వేస్తే అంత రేటింగ్. తర్వాత నైలాన్ వచ్చింది. దాని బలం ఎక్కువ కాబట్టి తక్కువ పొరలు చాలు. అయినా పాత లెక్కే నిలిచిపోయింది. ఇవాళ 12 పీఆర్ అని రాసి ఉంటే లోపల 12 పొరలు ఉన్నాయని కాదు, అన్ని నూలు పొరలకు సమానమైన బలం ఉందని అర్థం.

లోడ్ ఇండెక్స్ ఒక పట్టిక ప్రకారం నడుస్తుంది. 100 అంటే ఒక టైరు 800 కిలోలు, 110 అంటే 1,060, 120 అంటే 1,400, 130 అంటే 1,900 కిలోలు మోయగలదు. అయితే ఆ బరువును రాసి ఉన్న గాలి పీడనంలో, రాసి ఉన్న వేగంలోపే మోస్తుంది.

ఇక్కడ ఒక మాట గుర్తు పెట్టుకోవాలి. ఆ అంకె హద్దు మాత్రమే. అంత బరువు వేయాలనో, అంత గాలి కొట్టాలనో దాని అర్థం కాదు.

ఎక్కువ ప్లై అంటే ఎక్కువ మంచిదా?

షాపులో మనకు చెప్పేది ఇదే. "అన్నా, ఎక్కువ ప్లై తీసుకో, గట్టిగా ఉంటుంది." గట్టిగా ఉండే మాట నిజమే. ముళ్లకు, రాళ్లకు కొంత తట్టుకుంటుంది. కానీ ఎక్కువ ప్లై టైరు ఎక్కువ బరువు మోయాలంటే ఎక్కువ గాలి పట్టించాలి. బరువును మోసేది టైరులోని గాలి. ఆ గాలిని పగలకుండా పట్టి ఉంచేది పొరలు. పక్క గోడ మందంగా ఉన్న టైరు గాలి తగ్గించినా తేలిగ్గా వంగదు. అంటే మీకు అవసరం లేని రేటింగు కొంటే, డబ్బు ఎక్కువ పెట్టి కుదుపును కూడా కొనుక్కున్నట్టే.

లెక్క వేసి చూద్దాం. 45 హెచ్‌పీ ట్రాక్టర్ బరువు సుమారు 2,000 కిలోలు. అందులో అరవై శాతం వెనక ఇరుసు మీద ఉందనుకుంటే 1,200. ఒక్కో టైరుకు 600 కిలోలు. వెనక 400 లీటర్ల మందు ట్యాంకు, దాని ఫ్రేము కలిపి 500 కిలోలు తగిలించామనుకుందాం. అది ఇరుసు వెనకాల వేలాడుతుంది కాబట్టి ముందు భాగాన్ని కొంత లేపి, వెనక ఇరుసు మీద తన బరువు కంటే ఎక్కువ వేస్తుంది. 700 అనుకుందాం. అప్పుడు ఒక్కో వెనక టైరు మీద 950 కిలోలు. ట్యాంకు ఖాళీ అవుతున్నకొద్దీ అది కూడా తగ్గుతుంది. ఇంతకంటే చాలా ఎక్కువ మోయగల టైరుకు, పూర్తి బరువుకు సరిపడే గాలి నింపి చేలో తిప్పితే అది కుదపక ఏం చేస్తుంది?

నేల మాట

డ్రైవరుకు తగిలిన దెబ్బే నేలకూ తగులుతుంది. టైరు నేలను నొక్కే ఒత్తిడి, దాదాపు లోపలి గాలి పీడనంతో సమానంగానో, పక్క గోడ బిరుసును బట్టి కాస్త ఎక్కువగానో ఉంటుంది. 14 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో. 28 అంటే రెండు కిలోలు. ట్రాక్టర్ అదే, బరువు అదే. గాలి రెట్టింపైతే నేల మీద ఒత్తిడి కూడా రెట్టింపుకు దగ్గరవుతుంది.

మన నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. తడి మీద ఉన్నప్పుడు బిగిసిన టైరు తిరిగితే మట్టిలోని సందులు మూసుకుపోతాయి. నీళ్లు దిగవు, గాలి ఆడదు. నీళ్లు నిలిస్తే తట్టుకోలేని పంట మిర్చి. చక్రం తిరిగిన సాళ్ల పక్కన మొక్క వడలిపోయి, నాలుగు సాళ్ల అవతల మొక్క బాగుంటే తెగులు మందు కొట్టేముందు పారతో అక్కడ ఒక జానెడు తవ్వి చూడండి. వేరు కిందికి దిగకుండా పక్కకు తిరిగి ఉంటే అక్కడ గట్టిపొర ఉన్నట్టే.

ఇందులో రెండు సంగతులు వేరు చేసి చూడాలి. పైమట్టి బిగుసుకోవడానికి ప్రధాన కారణం టైరులోని గాలి పీడనం. అడుగుమట్టి బిగుసుకోవడానికి ప్రధాన కారణం ఇరుసు మీది మొత్తం బరువు. గాలి తగ్గిస్తే మొదటిదాన్ని కాపాడుకోవచ్చు. రెండోదానికి మార్గం ఒక్కటే: తడి చేలోకి లోడు ట్రక్కును దించకూడదు. టిక్కీలను గట్టు దాకా మోయించడం కూలి ఖర్చే. కానీ అడుగున బిగిసిన నల్లరేగడి ఒక్క దుక్కితో విడిపోదు.

ట్రక్కు సంగతి వేరు

ఇదంతా విని రేపు ట్రక్కు టైర్లలో కూడా గాలి తీసేయకండి. అక్కడ లెక్క తలకిందులు.

మిర్చి టిక్కీ 45 కిలోలు అనుకుంటే, వంద టిక్కీలు 4,500 కిలోలు. ట్రక్కు సొంత బరువు 1,500 అనుకుంటే మొత్తం 6,000. నాలుగు చక్రాల ట్రక్కయితే ఒక్కో టైరు మీద 1,500. అంటే లోడ్ ఇండెక్స్ కనీసం 122 ఉండాలి. రెండు చక్రాల ట్రక్కయితే, పదో వంతు బరువు ట్రాక్టర్ కొక్కెం మీద పడిందనుకున్నా, ఒక్కో టైరు మీద 2,700 కిలోలు. దానికి 143 కావాలి. అరిగిపోయిన పాత లారీ టైరు, ఎవరో వాడి తీసేసిన టైరు తెచ్చి బిగిస్తే ఈ బరువు మోస్తుందా లేదా అన్నది అదృష్టం మీద వదిలేసినట్టే. గాలి తక్కువైతే లోడు కింద పక్క గోడ ప్రతి చుట్టుకూ నలుగుతుంది, వేడెక్కుతుంది, చివరికి పగులుతుంది. చిలకలూరిపేట దగ్గర హైవే మీద లోడుతో టైరు పగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

పత్తి ట్రక్కు ఇంకో రకం. కొండంత ఎత్తు కనబడుతుంది కానీ బరువు తక్కువ. అక్కడ భయం ఊగిసలాటది. ఒక పక్క టైరులో గాలి తగ్గినా ట్రక్కు అటు ఒరుగుతుంది. అందుకే రెండు పక్కలా సమానంగా ఉండాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఖాళీ ట్రక్కులో కూలీలను ఎక్కిస్తున్నాం. ఆరు వేల కిలోల కోసం బిగించిన టైర్ల మీద పదిమంది ఆడవాళ్లు కూర్చుంటే పట్టున ఆరు వందల కిలోలు కూడా ఉండవు. ఆ టైరు వంగదు, ఎగురుతుంది. ట్రక్కు గెంతినప్పుడల్లా చక్రం నేలను వదులుతుంది, పట్టు తప్పుతుంది. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిర్చి కూలీలు వస్తున్న ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని ఢీకొని తొమ్మిది మంది చనిపోయారు. అది టైరు వల్ల జరిగిందని నేను అనడం లేదు. సరుకు కోసం చేసిన బండిలో మనుషులను ఎక్కించడం ఎంత ప్రమాదమో చెప్పడానికి గుర్తు చేస్తున్నాను. టైరు గాలి తగ్గించి కూలీలను ఎక్కించడం దీనికి పరిష్కారం కాదు. ఆటోకో, వ్యానుకో కిరాయి ఇవ్వడమే పరిష్కారం. ఆ ఖర్చు రైతు ఒక్కడి నెత్తిన పడకుండా ఊరంతా కలిసి మాట్లాడుకోవాలి.

మనం చేయగలిగినవి

ఒకటి. గాలి కొలిచే గేజి ఒకటి కొనండి. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. ఒక్కరికి భారమైతే ఊరి సంఘానికి ఒకటి ఉంచండి. సుత్తితో కొట్టి, కాలితో తన్ని గాలి చూడటం ఇక చాలు.

రెండు. ట్రాక్టర్‌తో వచ్చిన పుస్తకంలో చేలో పనికి ఎంత, రోడ్డు మీద లాగడానికి ఎంత అని వేర్వేరుగా ఉంటుంది. దాన్ని పెయింటుతో మడ్‌గార్డు మీద రాయించండి. చేను పనికి తగ్గించిన గాలితో యార్డుకు లోడు లాగవద్దు.

మూడు. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. ఎండలో నడిచి వేడెక్కిన టైరులో పీడనం పెరిగి కనబడుతుంది. అది చూసి గాలి తీసేస్తే రాత్రికి తక్కువైపోతుంది.

నాలుగు. మాగాణి దమ్ముకో, పట్టు కోసమో టైరులో నీళ్లు పట్టించినవాళ్లు ఆ పని అయ్యాక తీసేయండి. నీళ్లు నొక్కుకుపోవు. టైరులో గాలికి చోటు తగ్గి కుదుపు పెరుగుతుంది, నేల మీద బరువూ పెరుగుతుంది.

ఐదు. లోడు ఎంతో తెలియకపోతే కాటా మీద ట్రాక్టర్‌ను, ట్రక్కును విడివిడిగా, ఇరుసు ఇరుసుగా తూయించండి. ఒక్కసారి తూయిస్తే ఏడాదంతా అంచనా తెలుస్తుంది.

ఆరు. సీటు కింద డ్రైవరు బరువుకు తగ్గట్టు తిప్పే మర ఉంటే దాన్ని వాడండి. గంటల లెక్కన కిరాయి మాట్లాడుకుని డ్రైవర్ను తొందరపెట్టవద్దు. వేగం పెరిగితే ఎంత మంచి టైరైనా కుదుపును ఆపలేదు.

మనం అడగవలసినవి

యూరప్‌లో 2002లోనే ఒక చట్టం చేశారు. ఎనిమిది గంటల పనిలో కార్మికుడి ఒంటికి చేరే కుదుపు ఎంత దాటకూడదో అందులో అంకెలతో రాశారు. మన ట్రాక్టర్ డ్రైవరు నడుం కూడా అలాంటి నడుమే కదా? తక్కువ గాలితోనే ఎక్కువ బరువు మోసే వీఎఫ్ రకం టైర్లు వచ్చాయి. మామూలు రేడియల్ టైరు మోసే బరువునే ఇవి నలభై శాతం తక్కువ గాలితో మోస్తాయి. పొలాల్లో, గనుల్లో తిరిగే బండ్లకు టైర్లు చేసే పెద్ద ఫ్యాక్టరీ 2022 ఆగస్టులో మన రాష్ట్రంలోనే, అచ్యుతాపురంలో మొదలైంది. అలాంటి టైర్ల ధర చిన్న రైతుకు అందుబాటులోకి రావాలని అడిగే హక్కు మనకుంది.

2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ టైర్లు, ట్యూబుల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లు లేకుండా కొంటే ఆ తగ్గింపు మనదాకా వచ్చిందో లేదో తెలియదు. కాబట్టి బిల్లు అడిగి తీసుకోండి. పన్ను ఎంత వేశారో చూడండి. తేడా ఉంటే సంఘం దృష్టికి తీసుకురండి.

రైతు సేవా కేంద్రాల్లో గాలి గేజి, చిన్న కంప్రెషర్ పెట్టాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అంత దూరం మన డ్రైవర్లు వెళ్లలేరు. బాపట్ల వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాల, లాం పరిశోధనా స్థానం కలిసి ఇక్కడే డ్రైవర్లకు శిక్షణ పెట్టాలి. డొంక రోడ్లకు ఉపాధి హామీ నుంచైనా, పంచాయతీ నుంచైనా పని చేయించాలి. గుంటల డొంకను అలాగే వదిలేసి టైరు ఒక్కదాన్ని తప్పుపడితే న్యాయం కాదు.

కౌలు రైతుకు ట్రాక్టర్ సొంతం కాదు. డ్రైవరుకు నేల సొంతం కాదు. గాలి ఎంత ఉండాలో ఆ ఇద్దరినీ ఎవరూ అడగరు. కిరాయికి ట్రాక్టర్ పిలిచేటప్పుడు "గాలి ఎంత ఉంది?" అని మనమే అడగడం మొదలుపెడదాం. వచ్చే నెల సమావేశానికి ప్రతి గ్రామ శాఖ పది ట్రాక్టర్ల టైర్లలో గాలి కొలిచి, సైజు, ప్లై, పీఎస్ఐ, డ్రైవరు రోజుకు ఎన్ని గంటలు నడుపుతున్నాడు అనే వివరాలు కాగితం మీద రాసి తీసుకురావాలని కోరుతున్నాను. ఆ కాగితాలు చేతిలో ఉంటే అధికారుల ముందు మన మాటకు బలం ఉంటుంది.

సెలవు.