బరువు తగ్గించు శస్త్రచికిత్స : అనంతర భోజన ధర్మము
(రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలలో ఉపన్యసించువారు సాధారణముగా గ్రంథాలయోద్యమ చరిత్రను గూర్చియో, సాహిత్యమును గూర్చియో ముచ్చటింతురు. నేడు నేనెంచుకొనిన విషయము అన్నమునకు సంబంధించినది. గ్రంథాలయమునకును అన్నమునకును పొత్తేమి యని కొందరు సందేహింపవచ్చును. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలును, 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పినవారును కథలను, కావ్యములను పంచిపెట్టుటతో తృప్తిపడినవారు కారు. శాస్త్రవిజ్ఞానము తెలుగు మాటలలో ప్రజల యింటికి చేరవలెనని వారి ఆశయము. ఆ ఆశయమే నాకు నేడు ఆధారము.

బరువు తగ్గుటకై జీర్ణాశయమును చిన్నది చేయు శస్త్రచికిత్స నగరములందలి ధనికులకు మాత్రమే సంబంధించినదని యొకప్పుడు తలంచెడివారము. ఆ కాలము గడచినది. 2023లో హైదరాబాదు ఉస్మానియా ప్రభుత్వ వైద్యశాలలో, రెండువందల కిలోలకు మించిన బరువు గల యొక యువకునకు ఈ చికిత్స జరిగినది. మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములనుండియు హైదరాబాదు వైద్యశాలలకు పోవుట నేడు కొన్ని గంటల ప్రయాణము. శస్త్రచికిత్స అక్కడ ఒక్క దినమున ముగియును. తరువాతి బ్రతుకంతయు ఇక్కడ, మన వంటయింటిలో, మన పంక్తిలో గడువవలెను. ఆ వంటయిల్లు సిద్ధముగా లేనిచో వైద్యుని నేర్పు వ్యర్థమగును. నేను చెప్పదలచిన దంతయు ఈ యొక్క మాటయే.

ముందుగా ఒక అపవాదును తొలగింపవలెను. స్థూలకాయము తిండిపోతుతనమునకు శిక్ష యని లోకము తలచును. ఇది అన్యాయమైన తీర్పు. వంశానుగత లక్షణములు, శరీరమునందలి రసములు, నిద్ర, మందులు, పని తీరు, ఇవన్నియు బరువును నిర్ణయించును. మన ప్రాంతపు జీవితమే మారినది. 1967లో నాగార్జునసాగరు ఎడమ కాలువకు నీరు విడువబడిన పిమ్మట కోదాడ, మిర్యాలగూడ పొలములు వరిమళ్లైనవి. మిర్యాలగూడలో బియ్యపు మిల్లులు బారులు తీరినవి. జొన్న గటక, జొన్న రొట్టె తిని నాగలి వెంట నడచిన తాతల మనుమలు మూడు పూటల తెల్లని అన్నము తిని యంత్రముల యొద్ద, దుకాణముల యొద్ద కూర్చుండి పని చేయుచున్నారు. ఇది యెవని తప్పును కాదు. కాని దేహము ఈ మార్పునకు మూల్యము చెల్లించుచున్నది. చక్కెర వ్యాధి, రక్తపోటు, మోకాళ్ల నొప్పులు, నిద్రలో ఊపిరి ఆగుట, ఇవి అతి స్థూలకాయమునకు తోడుగా వచ్చునవి. పథ్యముచేతను వ్యాయామముచేతను లొంగని స్థితిలోనే వైద్యులు శస్త్రచికిత్సను సూచింతురు. దానిని కోరినవాడు సోమరియు కాడు, పిరికివాడును కాడు.

ఇక చికిత్సా స్వరూపము. అమెరికాలోని అయోవాలో 1966లో మేసన్, ఇటో అను వైద్యులు జీర్ణాశయమునకు ప్రక్కదారి కల్పించు పద్ధతిని ప్రారంభించిరి. నేడు విరివిగా చేయబడు పద్ధతులు రెండు. ‘స్లీవ్’ అను పద్ధతిలో జీర్ణాశయమునందు సుమారు ఐదింట నాలుగు పాళ్లు తొలగించి, సన్నని గొట్టము వంటి భాగమును మాత్రము మిగుల్తురు. ‘బైపాస్’ పద్ధతిలో పైభాగమున సుమారు 30 మిల్లీలీటర్లు పట్టు చిన్న సంచిని ఏర్పరచి, దానిని చిన్నప్రేగునకు కలుపుదురు. లీటరుకు పైగా పట్టగల పాత్ర గుప్పెడు పట్టు గిన్నె యగునన్నమాట. అంతియే కాదు, 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిన గ్రెలిన్ అను ఆకలి పుట్టించు రసము అధికముగా జీర్ణాశయపు పైభాగమునందే పుట్టును. స్లీవ్ పద్ధతిలో ఆ భాగము తొలగింపబడుటచే కొన్ని మాసములపాటు ఆకలియే మందగించును. ఇంటివారు దీనిని చూచి భయపడుదురు. భయపడనక్కరలేదు.

ఇంటికి వచ్చిన పిదప ఆహారము మెట్లు మెట్లుగా సాగవలెను. లోపలి కుట్లు మానుటకు వ్యవధి కావలెను గదా. మొదటి దినములలో నీరు, వడకట్టిన పప్పుకట్టు, మజ్జిగపై తేట వంటి పలుచని ద్రవములు. అదియు గుక్కలుగా కాక, చెంచాలతో. రెండు వారముల వరకు వెన్న తీసిన పాలు, మజ్జిగ, పలుచని రాగిజావ, పప్పుకట్టు, వైద్యుడు వ్రాసియిచ్చిన మాంసకృత్తుల పొడి. మూడవ, నాలుగవ వారములలో మెత్తగా ఉడికించి మెదిపిన పెసరపప్పు, గట్టి పెరుగు, మెదిపిన గ్రుడ్డు. ఆ తరువాత రెండు వారములు ఇడ్లీ, ఉడికిన సొరకాయ, బీరకాయ, ముండ్లు తీసిన చేప. సుమారు రెండు మాసములకు సాధారణ భోజనము. ఈ లెక్క ఒక్కొక్క వైద్యశాలలో కొంత భేదించును. చికిత్స చేసిన వైద్యుని ఆదేశమే ప్రమాణము. జ్వరము, కడుపులో తీవ్రమైన నొప్పి, నాడి వేగముగా కొట్టుకొనుట, ఊపిరాడకుండుట, వీనిలో ఏది కనబడినను తెల్లవారువరకు ఆగరాదు. ఆ రాత్రియే వైద్యశాలకు పోవలెను.

సాధారణ భోజనమునకు వచ్చిన పిమ్మటనే అసలు కష్టము మొదలగును. మన భోజన విధానమును గమనింపుడు. అన్నమును పచ్చిపులుసుతో పలుచగా కలిపి, ముద్ద చేసి, నమలకయే మ్రింగుదుము. నడుమ నీరు త్రాగుదుము. చివర మజ్జిగ పోసుకొందుము. ఈ అలవాట్లన్నియు చిన్న జీర్ణాశయమునకు గిట్టనివే. కొత్త విధానమున ప్రతి బుక్కను పిండియగు వరకు నమలవలెను. భోజనమునకు ఇరువది, ముప్పది నిమిషములు పట్టవలెను. తినునప్పుడు త్రాగరాదు, తిన్న పిమ్మట అరగంట ఆగి త్రాగవలెను. మజ్జిగను మానుమని కాదు. అన్నముతో గాక, వేరు వేళకు మార్చుకొనవలెను. దినమంతయు కొంచెము కొంచెముగా లీటరున్నర నీరైనను లోనికి పోవలెను. కడుపు నిండినదని తోచిన క్షణముననే చేయి కడుగుకొనవలెను. ఒక్క బుక్క మించినను నొప్పియో, వాంతియో తప్పదు.

విస్తరిలో వరుసయు మారవలెను. మన పంక్తిలో అన్నము రాజు. పప్పు, కూర పరివారము. ఇక్కడ మాంసకృత్తులకు అగ్రస్థానము. దినమునకు కనీసము 60 గ్రాముల మాంసకృత్తులు కావలెనని వైద్యులు చెప్పుదురు. ఒక కోడిగ్రుడ్డులో ఉండునవి సుమారు 6 గ్రాములు; ఒక గ్లాసు పాలలోను దాదాపు అంతియే. చిన్న జీర్ణాశయముతో ఈ లెక్కను పూరించుట సులభము కాదు. కావున మొదట గ్రుడ్డు, పప్పు, చేప, పెరుగు, పనీరు, తరువాత కూరగాయలు, చోటు మిగిలినచో చివర అన్నమో, రొట్టెయో. ఈ నియమము తప్పినచో క్రొవ్వుతో బాటు కండయు కరగును. మూడవ మాసము మొదలు ఆరవ మాసమువరకు వెండ్రుకలు రాలుట పలువురియందు కనబడును. పోషణ సరిగా ఉన్నచో అవి తిరిగి వచ్చును. దిగులుపడి మందు మానరాదు.

తీపి విషయమున మరియొక హెచ్చరిక. బైపాస్ అయినవారు జిలేబి, లడ్డు, అరిసె వంటివి తినినచో అవి త్వరగా ప్రేగులోనికి దిగి, గుండెదడ, చెమట, కండ్లు తిరుగుట, విరేచనములు కలుగును. దీనిని దిష్టి యనుకొని ఉప్పు, మిరపకాయలు త్రిప్పిన ప్రయోజనము లేదు. తీపిని దూరముంచుటయే దానికి మందు.

ఇప్పుడు ఇంటివారి సంగతి. మన దేశమున ప్రేమకు కొలత వడ్డన. “ఇంకో బుక్క తిను బిడ్డా, నా మీద ఒట్టు” అని తల్లి యనును. “మా యింట్ల చేయి కడుగకుండ పోతవా అన్నా?” అని బంధువు నిష్ఠురమాడును. బతుకమ్మ సద్దులు, పెండ్లి పంక్తులు, రెండేండ్ల కొకమారు దురాజ్‌పల్లి గట్టుపై జరుగు లింగమంతుల స్వామి జాతర విందులు, ఇవన్నియు మన అనుబంధముల ముడులు. చికిత్స పొందినవాడు ఆ పంక్తిలో నాలుగు బుక్కలకే ఆగినచో పదిమంది కన్నులు వాని విస్తరిమీద పడును. కొందరు జాలిపడుదురు, కొందరు “కడుపు కోయించుకొన్నడట” అని చెవులు కొరుకుకొందురు. అందుచేత పలువురు తమ చికిత్సను దాచిపెట్టుచున్నారు. దాచినవాడు పంక్తిలో మాట పడలేక మించి తినును. ఇల్లు చేరి వాంతి చేసికొనును. ఒక మర్యాద మాట మనిషిని ఇంత బాధించుట తగునా?

స్త్రీల విషయమున ఇది మరింత కఠినము. చికిత్స పొందిన ఇల్లాలు అందరికిని వడ్డించి, మిగిలినది చల్లారిన పిదప ఒంటరిగా తినుట మన యిండ్లలో వాడుక. ఆమెకు వేళకు తినుట ఔషధముతో సమానము. ఆమె గిన్నెలోని గ్రుడ్డు, పెరుగు ఆమెకే యుంచి, తక్కినవారు తమంతట వడ్డించుకొనుట నేర్వవలెను. ఆకలి తగ్గినను రుచియందలి కోరిక చావదు. ఏండ్ల తరబడి దుఃఖమునకు తిండియే ఓదార్పుగా నుండినవారికి ఆ ఓదార్పు హఠాత్తుగా పోయి మనసు క్రుంగుటయు కలదు. అట్టివారికి ఎదురుగ కూర్చుండి మాటలాడు మనిషి కావలెను. పంక్తి నుండి వారిని వెలివేయకుడు. వడ్డన మాత్రము వారి మాట ప్రకారము జరుపుడు. “చాలు” అను మాటను మొదటిసారి యన్నప్పుడే గౌరవించుట నేటి అతిథి మర్యాద.

తుదకు ప్రాణాపాయమైన విషయమును చెప్పెదను. దీనిని దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. మన శరీరములో థయమిన్ అను బి1 విటమిను నిలువ కొన్ని వారములకు మించదు. చికిత్స పొందినవారికి వాంతులు ఆగక సాగినచో ఆ నిలువ అడుగంటును. నడక తూలును, చూపు చెదరును, మాట తడబడును, జ్ఞాపకము చెడును. సకాలమున విటమిను సూదిమందు ఈయనిచో ఈ నష్టము శాశ్వతము కావచ్చును. ఇది బెరిబెరి జాతి వ్యాధియే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టినది ఈ బెరిబెరి పరిశోధనకై యే; 1958లో అది హైదరాబాదునకు తరలివచ్చినది. తవుడు పోగొట్టిన తెల్లని బియ్యమే ప్రధానాహారమైనచోట్ల ఆ వ్యాధి ప్రబలుట నాటి శాస్త్రజ్ఞులు చూచిరి. మిల్లుల నడుమ నివసించు మనము తవుడు విలువను మరువరాదు.

వాంతులైన వెంటనే గ్రామమున గ్లూకోజు సీసా ఎక్కించుట మన వాడుక. బి1 అడుగంటిన దేహమునకు దానిని ఈయక గ్లూకోజు మాత్రమే యెక్కించినచో మెదడునకు కీడు ముదురవచ్చును. కావున ఒక దినమునకు మించి వాంతులు సాగినచో, “మాకు జీర్ణాశయ శస్త్రచికిత్స అయినది, బి1 సంగతి చూడుడు” అని ముందే చెప్పవలెను. 2019లో సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడినది. దగ్గరి పెద్దాసుపత్రికి పోవుటకు ఇప్పుడు దూరము సాకు కాదు.

బి12, ఇనుము, కాల్షియము, డి విటమిను, ఇవి జీవితాంతము వైద్యుడు చెప్పిన మోతాదులో తీసికొనవలసినవి. ప్రేగులు పోషకములను గ్రహింపలేని స్ప్రూ వ్యాధిచే సోదరులను పోగొట్టుకొనిన మన తెలుగు శాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు, 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిన పరిశోధక బృందమునకు నాయకుడు. ఆహారము లోనికి పోవుట వేరు, దేహమునకు ఒంటబట్టుట వేరు అని ఆయన బ్రతుకే మనకు పాఠము. బరువు తగ్గి బాగున్నాననుకొని బిళ్లలు మానివేయుట, ఏటేటి రక్తపరీక్షను విడుచుట, ఇవి రెండును దొంగ దెబ్బలు. కల్లు, సారాయి వీరికి త్వరగా తలకెక్కును, మానుటయే మేలు. మోకాలి నొప్పికి దుకాణములో అడిగి తెచ్చుకొను బిళ్లలు బైపాస్ అయినవారికి లోపల పుండ్లు కలిగింపగలవు. గర్భధారణను ఒక సంవత్సరము మొదలు సంవత్సరమున్నర వరకు వాయిదా వేయుట తల్లికిని బిడ్డకును క్షేమము.

సోదరులారా! ఈ గ్రంథాలయమును ఒక కోరిక కోరెదను. పోషకాహారమును గూర్చిన తెలుగు పుస్తకములకు ఒక అరను కేటాయింపుడు. నేను చెప్పిన ఆహార క్రమమును, బి1 హెచ్చరికను పెద్ద అక్షరములతో ఒక అట్టపై వ్రాసి పఠన మందిరమున వ్రేలాడదీయుడు. చదువురాని వారికి చదివి వినిపింపుడు. ఇరువదియైదేండ్లు పుస్తకమును ఇంటింటికి చేర్చిన ఈ సంస్థకు ఇది క్రొత్త పని కాదు.

మన పెద్దలు అన్నదానమును గొప్ప ధర్మమన్నారు. ఎదుటివాని కడుపెంతయో తెలిసి, అంతయే ఆదరముతో పెట్టుటయు ఆ ధర్మములోనిదే.